కుసుమ వేసిన చిక్కు

సన్యాసప్పడు మాష్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్లకే ఏదో ఒక పని అప్పజెప్పి, తన మానాన తాను తాళాలు మోగించుకునేవారు. ఊరి బడిలో పిల్లలకు జడకోలాటం నేర్పే ఆ పెద్దమనిషిని ఒక సాయంత్రం ఆయన శిష్యురాలు నూకరత్నం నిలదీసింది.

"ఏటి మాష్టారూ, ఆట వొచ్చిన నన్ను దూరంగా ఎట్టేసి, ఆట రానిదాని చెయ్యి ఒగ్గకుండా పట్టుకుంటారేటి?"

రానిదంటే కుసుమ. ఆ ఏడే బడిలో చేరింది. మాట నిదానం, అడుగు నిదానం. ఏది నేర్చుకోవడానికైనా తోటివాళ్లకన్నా చాలా ఎక్కువ కాలం పట్టే పిల్ల. ఆ పిల్ల వచ్చేదాకా మాష్టారి పక్క చోటు నూకరత్నానిది. ఇప్పుడా చోట కుసుమ నిలబడుతోంది. మాష్టారు కుసుమతో మెత్తగా మాట్లాడే ప్రతి మాటా తనకు రావలసిందేనని, తన నోటి దగ్గరి ముద్ద లాక్కున్నారని నూకరత్నం ఉడికిపోయేది. ఆ పిల్లకు జ్వరమొచ్చి రాకపోతే బాగుండునని కూడా అనుకుంది. అనుకుని సిగ్గుపడింది, మర్నాడు మళ్లీ అనుకుంది.

జడకోలాటంలో దూలానికి కట్టిన రంగు తాళ్లను తలా ఒకటి పట్టుకుని, ఒకరి ముందునుంచి, మరొకరి వెనకనుంచి తిరుగుతూ ఉంటే పైన జడ అల్లుకుంటుంది. ఒక్కరు అడుగు తప్పినా చాలు, జడ చిక్కు పడుతుంది. చిక్కు వేసినవాళ్లే వెనక్కి నడిచి దాన్ని విప్పాలి, మిగిలినవాళ్లు కదలకుండా నిలబడాలి. అది మాష్టారి కట్టుబాటు. కుసుమకు మాత్రం ఆ కట్టుబాటు లేదు. ఆమె చిక్కు వేస్తే మాష్టారే తాడు అందుకుని విప్పేవారు. పిల్లలంతా "పాపం లెండి" అని ఊరుకునేవారు. ఇది చూసి నూకరత్నం ఒకసారి కావాలనే అడుగు తప్పింది. మాష్టారు ఆమె చెయ్యి పట్టుకోలేదు సరికదా, చిక్కు విడేదాకా చీవాట్లు పెట్టారు.

నూకరత్నం అడిగినదానికి కూడా ఆయన ఒక పనే అప్పజెప్పారు. మర్నాడు ఆట వేళకు, "నాకు కాళ్లు లాగేస్తన్నాయి. కుసుమ పక్కన నువ్వు నిలబడు" అని చెప్పి అరుగు మీద చతికిలబడ్డారు. నూకరత్నానికి మాష్టారి చోటే దక్కింది గానీ, పక్కన మాష్టారు లేరు.

జడ సగం పడేసరికి, వెనకనుంచి వెళ్లవలసిన కుసుమ ముందునుంచి దూరింది. తాళ్లు బిగుసుకున్నాయి. అందరూ అలవాటుగా మాష్టారి వైపు చూశారు. కుసుమ కూడా తన తాడు ఆయనకే అందించబోయింది. ఆ చాచిన చెయ్యి చూసేసరికి నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది.

"ఆయనెందుకే? నువ్వేసిన చిక్కు నువ్వే ఇప్పు! మేమందరం ఇప్పుకోటం నేదేటి?"

పిల్లలు బుగ్గలు నొక్కుకున్నారు. "పాపమే, దాన్ననకే" అని ఎవరో గొణిగారు. కుసుమ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేనా?" అంది.

"నువ్వే!"

కుసుమ తాడు పట్టుకుని వెనక్కి నడిచింది. తప్పు దారి పట్టింది. నూకరత్నం కసిరింది. మళ్లీ నడిచింది, మళ్లీ తప్పింది. ఈసారి, పాపమని గొణిగిన పిల్లే ఉండబట్టలేక "అటు కాదే, ఇటేపు నుంచి!" అని అరిచింది. ఇంక తలా ఒక కేక. ఒకరు అటంటే ఇంకొకరు ఇటన్నారు. వాళ్లలో వాళ్లే తగువులాడుకున్నారు. చిక్కు విడేసరికి పొద్దు వాలిపోయింది. కుసుమ మొహం నిండా చెమట. అందరినీ ఒక్కొక్కరిగా చూసి, "నన్ను కూడా తిట్టేరు!" అని పకపకా నవ్వింది.

పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. జట్టులోంచి తీసేస్తారేమోనన్న భయంతో నూకరత్నం మాష్టారి ఎదుట నిలబడింది. అసలు మాట దాచుకోవాలని చూసింది గానీ ఆమె వల్ల కాలేదు.

"దాని మంచి కోరి అన్నేదు మాష్టారూ. కుళ్లుతోనే అన్నాను."

ఆయన తాళాలు గుడ్డలో చుట్టుకుంటూ తల ఊపారు.

"తెలుసే. బడంతా దాన్ని చూసి జాలిపడ్డాం, నాతో సహా. దాన్ని చూసి కుళ్లుకున్నదానివి నువ్వొక్కదానివే."