దాహానికి దీపం

పూర్వం చింతలదుర్గం సంస్థానంలో చూపులేని వాళ్లకు ఒక ఆశ్రమం ఉండేది. నూతిదాకా పట్టుకుని నడవడానికి ఒక తాడు కట్టించమనీ, నూతికి గట్టు వేయించమనీ వాళ్లు జమీందారు రాయణింగారిని వేడుకున్నారు. తాడు కడితే తన గొప్ప ఎవరికి కనిపిస్తుంది? అందుకని ఆయన ఆశ్రమం వసారా నిండా ఇత్తడి దీపపు సెమ్మెలు పెట్టించి, బంధుమిత్రులతో, మేళతాళాలతో ఊరేగుతూ వచ్చాడు.

మిట్టమధ్యాహ్నం. నాలుక పిడచకట్టి, "మంచినీళ్లు!" అన్నాడు జమీందారు.

చాపలల్లే చెంచమ్మ తడుముకుంటూ వెళ్లి, వెలిగించిన దీపం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నీళ్లడిగితే దీపమా? వేళాకోళమా?" అని ఆయన కసిరాడు.

"మేం తాడడిగితే తమరు ఇచ్చింది ఇదే కదండి, అయ్యగారూ! మొన్న గురవయ్య తాత నూతి దగ్గర పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నించి అటు పోవాలంటే భయం. ఎవరైనా తోడిపోస్తేనే మాకు నీళ్లు. ఇవాళ అందరూ తమరి ఊరేగింపు చూడబోయారు. కడవలో చుక్క లేదండి."

మేళం ఆగిపోయింది. బంధువులు తలలు వంచుకున్నారు. జమీందారు ముఖం నల్లబడిపోయింది. తలపాగా తీసి పక్కన పెట్టి, కడవ అందుకుని, ముళ్లదారిన నూతికి నడిచాడు. నీళ్లు తోడి తెచ్చి, తాను తాగకుండా, మంచంలో ఉన్న గురవయ్య నోటికి ముంత అందించాడు.

తాత గటగటా తాగి, "చల్లగా ఉండు నాయనా! ఎవరి బిడ్డవు? నీ పేరేంటి?" అని అడిగాడు.

అంతసేపూ ఊరంతా చాటింపు వేయించుకున్న పేరు చెప్పడానికి జమీందారుకు నోరు రాలేదు.