దారం మీద పోయిన కబురు

అనగనగా ఒక అడవిలో, చెట్ల మీద కొండముచ్చులూ చెట్ల కింద దుప్పులూ ఒకదానికొకటి తోడుగా బతికేవి. కొండముచ్చులకు చూపు ఎక్కువ. చిరుతపులి ఎంత దూరాన కదిలినా పైనుంచి కనిపెట్టి గొంతు చించుకుని అరిచేవి. దుప్పులకు ముక్కు చురుకు. పొదల్లో నక్కిన చిరుత వాసన పట్టి, నేలను తన్ని కూత పెట్టేవి. ఆ అరుపు వింటే దుప్పులు పరిగెత్తేవి, ఈ కూత వింటే కొండముచ్చులు చివరి కొమ్మలకు ఎగబాకేవి. పాపం చిరుతకు చాలాసార్లు కడుపు మాడేది.

ఆ దుప్పుల్లో పైడమ్మ ఒకతె. ఆమెకు ఒక్కటే కూన, పేరు చిట్టి. కొండముచ్చుల గుంపుకు కావలి కాసేది గున్నయ్య. పైడమ్మ అతన్ని అన్నా అని పిలిచేది. అతను నేరేడు పళ్లు తింటూ, మంచివి ఏరి చిట్టి కోసం కిందకు వదిలేవాడు.

ఒక ఏడు ఆ అడవికి సాలీళ్లు వచ్చి చెట్టుకీ చెట్టుకీ దారాలు కట్టాయి. ఈ చివర మీటితే ఆ చివర వేలికి తెలిసేది. ఒకసారి మీటితే తిండి కబురు. రెండుసార్లు మీటితే నీళ్ల కబురు. ఆపకుండా మీటితే చిరుత వచ్చినట్టు. కొండముచ్చులకు ఇది తెగ నచ్చింది. ఉడతలు నేర్చుకున్నాయి, చిలకలూ నేర్చుకున్నాయి. ఇక చూడండి పిల్లలూ, లేస్తే దారం, కూర్చుంటే దారం. పక్క కొమ్మ మీదున్న తమ్ముణ్ణి పిలవాలన్నా దారమే. వేళ్లున్న వాళ్లకు బాగానే ఉంది. గిట్టలున్న వాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పైడమ్మ కూడా నేర్చుకుందామని వంగిన కొమ్మకున్న దారం మీద కాలు పెట్టింది. గిట్టకు ఏం తెలుస్తుంది? దారం తెగి కాలికి చుట్టుకుంది. కబుర్లన్నీ కలగాపులగం అయిపోయాయి. కొమ్మల మీద ఒకటే నవ్వులు. గున్నయ్య కూడా నవ్వాడు.

"నీకెందుకమ్మా ఇవన్నీ? ఏదైనా ఉంటే మేం చెబుతాంలే" అన్నాడు.

పైడమ్మ సిగ్గుతో తల వంచుకుని వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు.

చెబుతామన్న వాళ్లు చెప్పలేదు. కొండవాలులో ఇప్పపూలు రాలితే దారం మీద కబురు పోయింది. దుప్పులు వెళ్లేసరికి ఒక్క పువ్వు మిగల్లేదు. ఆ తర్వాత చెలమలో నీళ్లు చెడిపోయాయి. అందరూ తాగడం మానేశారు, దుప్పులు మాత్రం తాగాయి. ముసలి దుప్పి ఒకటి కడుపునొప్పితో కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోయింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, దారం మీద వేశాం కదా అని కొండముచ్చులు విసుక్కున్నాయి.

ఒక పొద్దున పైడమ్మ గడ్డి మేస్తూ తలెత్తి చూసింది. పైన గున్నయ్య లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పక్కనున్న కుర్ర కొండముచ్చులు అతన్ని చూసి ముసిముసిగా నవ్వాయి. గున్నయ్య నోరు మూసుకుని దారం మీదకు వంగాడు. అరుపు లేదు కాబట్టి భయం లేదనుకుని పైడమ్మ మళ్లీ తల దించింది. ఉడతలు చప్పుడు లేకుండా చెట్లెక్కాయి. చిలకలు ఎగిరిపోయాయి. గాలి పొదల వైపు వీస్తోంది, వాసన అందలేదు. పొదల్లోంచి చిరుత దూకి చిట్టి మెడ పట్టుకుంది. తల్లి చూస్తుండగానే ఈడ్చుకుపోయింది.

సాయంత్రం దాకా పైడమ్మ గున్నయ్య చెట్టు కిందే నిలబడింది.

"అన్నా, నువ్వు చూశావు. నోరు కూడా తెరిచావు. ఎందుకు అరవలేదు?"

"ఇంకా అరుపులేంటని పిల్లలు నవ్వుతున్నారు. దారం మీద అందరికీ చెప్పాను పైడమ్మా."

"అందరికీ అంటే ఎవరికన్నా?"

దుప్పులు ఆ చోటు వదిలి వాగు అవతలికి వెళ్లిపోయాయి.

అరిచేవాళ్లు లేరని చిరుతకు తెలిసిపోయింది. ఒకరోజు అది కొండముచ్చుల చెట్టు కిందే పొదలో నక్కింది. పైనుంచి ఎవరికీ కనపడలేదు. ఈసారి గాలి వాగు మీదుగా వీచి ఆ వాసనను పైడమ్మ దాకా తెచ్చింది. ఆమెకు చిట్టి గుర్తొచ్చింది. ఊరుకుంటే తప్పుపట్టే వాళ్లెవరు? కానీ చెట్టు కింద గున్నయ్య చిన్నకూతురు పళ్లు ఏరుకుంటోంది. అది చిట్టి అంతే ఉంది. చూస్తూ ఊరుకోవడం ఆ తల్లి వల్ల కాలేదు. నేలను తన్ని, గొంతు పగిలేలా కూసింది. ఆగకుండా కూసింది.

పైన కూత వినపడింది. "ఆ గిట్టలామె మళ్లీ మొదలుపెట్టింది" అని కుర్ర కొండముచ్చులు నవ్వుకున్నాయి. దారం మీద అలాంటి కబురేమీ రాలేదన్నాయి. గున్నయ్య మాత్రం నవ్వలేదు. ఎందుకైనా మంచిదని దారం మీద వేలు పెట్టి చూశాడు. దారం కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడే కింద కూతురి అరుపు వినిపించి, మధ్యలోనే ఆగిపోయింది. గున్నయ్య వేలు ఇంకా దారం మీదే ఉంది. వాగు అవతల పైడమ్మ ఇంకా కూస్తూనే ఉంది.

నీతి: కబురు అందని వాళ్లను వదిలేసి బతకడం అలవాటు చేసుకుంటే, వాళ్లు మన కోసం వేసే కేక కూడా మన చెవికెక్కదు.