నీలం తెర చెప్పబోయిన మాట

"రేపట్నుంచి ఈ షాపు మెట్లెక్కకు!" అన్న కేక బొబ్బిలి బజారువీధి చివర టీకొట్టు దాకా వినబడింది. కేక పెట్టింది పైడిరాజు. పెళ్లి వీడియోల స్టూడియో నడిపే ఈ పైడిరాజు పనిలో మంచివాడే గాని, కోపం వచ్చిందంటే ఎదుటివాళ్లను మాట పూర్తి చెయ్యనిచ్చేవాడు కాడు.

ఆ రోజు కోపం కంప్యూటర్ మీద మొదలై, వీడియోలు ఎడిటింగ్ చేసే మంగతాయారు మీదకి మళ్లింది. వారం నుంచి ఆ కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయేది. తెరంతా నీలంగా మారి, ఇంగ్లీషులో ఏదో కనబడేది. అది చూడగానే పైడిరాజుకి ఒళ్లు మండిపోయేది. విసురుగా వెళ్లి గోడమీద స్విచ్ టప్పున ఆపేసేవాడు.

"నీ పెన్‌డ్రైవ్‌లో పాటలెక్కించుకుని వైరస్ తగిలించావు!" అన్నాడు.

"నేను పెన్‌డ్రైవే పెట్టలేదన్నయ్యా. అసలు ఇది ఎప్పట్నుంచి..."

"నోర్ముయ్! సాయంత్రం పెళ్లివారొస్తే ఏం మొహం చూపించను?"

తాయారుకీ కోపం నషాళానికెక్కింది. "ఈ నింద వేసి పంపిస్తే ఊళ్లో నాకింకెవరు పనిస్తారు? తప్పు నాదని తేల్చండి. అప్పుడు దిగుతాను మెట్లు" అని కుర్చీలోంచి కదల్లేదు.

ఇంతలో పైడిరాజు బావ సన్యాసిరావు వచ్చాడు. కంప్యూటర్లు బాగుచెయ్యడం ఆయన వృత్తి. కాసేపు అటూ ఇటూ వెతికి, "ఇది ఆగినప్పుడల్లా నువ్వేం చేస్తున్నావు బావా?" అని అడిగాడు.

"ఏం చేస్తాను? నీలం కనబడగానే స్విచ్ ఆపేస్తున్నాను."

"నీ కోపం తగలెయ్య!" అని సన్యాసిరావు కూడా అరిచాడు. "సిస్టంకి గుండెకాయ లాంటిది కెర్నల్ అని ఒకటుంటుంది. అది కుప్పకూలేటప్పుడు, తన్ను కూల్చిందెవరో ఒక ఫైల్లో రాసి మరీ పోతుంది. ఆ రాత అయ్యేదాకా ఆగాలి. ఇక్కడ ఒక్క ఫైలూ లేదు. అది పేరు చెప్పబోయిన ప్రతిసారీ నువ్వు పీక నొక్కేశావు!"

ఇంకోసారి ఆగితే ఆ ఫైలు దొరుకుతుందని తాయారు మళ్లీ పని మొదలెట్టింది. కాసేపటికి తెర నీలమైంది. చూశారా అలవాటు! పైడిరాజు చెయ్యి దానంతటదే స్విచ్ మీదకి వెళ్లింది. తాయారు చటుక్కున లేచి అడ్డం నిలబడింది.

"దాన్నైనా చెప్పనివ్వండి!"

తెర కింద, రాత నూటికి ఎంతైందో చూపే అంకె మెల్లగా పెరుగుతోంది. పైడిరాజు పళ్లు కొరుకుతూ నిలబడ్డాడు. అంకె నూరుకి చేరింది. కంప్యూటర్ తనంతట తనే మళ్లీ లేచింది. ఈసారి ఫైలు ఉంది. సన్యాసిరావు తెరిచి చదివాడు.

"పాత వీడియో క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించే పెట్టె ఉందే, దానికీ కెర్నల్‌కీ మధ్య మాటలు నడిపే డ్రైవర్ ఇది. కూల్చింది ఇదే. ఎవరు వేశారు?"

పైడిరాజు తల దించుకున్నాడు. "నేనే. పెట్టెతో వచ్చిన సీడీ పోతే, నెట్‌లో ఏదో దొరికింది, వేసేశాను."

"నేను మొత్తుకున్నదీ అదే! ఆ పెట్టె తగిలించినప్పట్నుంచే ఆగుతోందని చెప్పబోతే విన్నారా?" అంది తాయారు.

ఆ డ్రైవర్ తీసేశాక కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. పెళ్లివారి వీడియో వేళకి తయారైంది.

"తప్పు నాదేనమ్మా. రేపు మామూలుగా రా" అన్నాడు పైడిరాజు.

"రేపటి మాట తర్వాత. నింద వీధంతా వింది. మరి ఈ మాట ఎవరు వింటారు?"

పైడిరాజు టీకొట్టుకి నడిచాడు. అందరి ముందూ తాయారు తప్పేం లేదని చెప్పి వచ్చాడు.

వచ్చేసరికి భార్య వరహాలమ్మ మేడమీద ఇంట్లోంచి అన్నం గిన్నెలు షాపులోకి దింపుతోంది. "మీ అరుపులకి పొద్దుట్నుంచి ఒక్కరూ ముద్ద ముట్టలేదు. కూర్చుంటారా, మళ్లీ పైకి మొయ్యమంటారా?" అని కసిరింది. పైడిరాజు గబగబా విస్తళ్లు పరిచి, తాయారు విస్తట్లో ముందు అన్నం వడ్డించాడు. ఆమె ఇంకా మూతి ముడుచుకునే ఉంది గాని, కూర్చుంది. అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు.

కోపంతో ఎదుటివారి మాట మధ్యలో తెంచేసేవాడికి తప్పెక్కడుందో తెలియదు, అది తనలోనే ఉన్నా సరే.