ముందు చక్రం బిగించిన తీరు

మోనప్ప మేస్త్రిని ఏదైనా అడిగితే జవాబు వచ్చేది కాదు, పని వచ్చేది. ఆదోనిలో ఆయన దగ్గర మోటారుసైకిళ్ళ పని నేర్చిన వాళ్ళందరికీ ఈ సంగతి అనుభవమే. పెళ్ళి చేసుకోమంటారా వద్దంటారా అని అడిగిన ఒక శిష్యుడికి కార్బురేటరు చేతికిచ్చి విప్పి బిగించమన్నాడు. అందుకని చాలామంది ఆయన్ని అడగడమే మానుకున్నారు. ఈరన్న మానుకోలేదు. ఆ శుక్రవారం పొద్దున కూడా అడగడానికే వచ్చాడు, కాకపోతే జవాబు ముందే తేల్చుకుని వచ్చాడు. మేస్త్రి తల ఊపితే చాలునని అతని ఉద్దేశం.

"తప్పు చేసినవాని మీద కోపం రావడం తప్పా మేస్త్రీ?" అన్నాడు, కూర్చోకుండానే. "మన పని సరిగ్గా ఉండి, ఇంకొకని వల్ల మనం మాట పడితే, అప్పుడు కూడా మింగుకుని ఊరుకోవాల్నా?"

ఆ ఇంకొకడు, ఇనప సామాన్లు తిప్పి చెక్కే లేత్ మిషను చాంద్‌బాషా. పన్నెండేళ్ళుగా ఈరన్నకు ప్రాణస్నేహితుడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే టిఫిను క్యారియరులో తినేవాళ్ళు. ఇప్పుడు ఆ పేరు పలకాలంటేనే ఈరన్నకు పళ్ళు బిగుసుకుపోతున్నాయి.

గొడవంతా పశువుల డాక్టరు వాదిరాజు గారి బండి దగ్గర మొదలైంది. ఇరవై ఎనిమిదేళ్ళ నాటి పరదేశం బండి, దున్నపోతంత బరువు. ఇద్దరు మనుషుల్నీ రెండు పెట్టెల్నీ ఎక్కించుకుని దేశమంతా తిరగడానికని చేసినది. డాక్టరూ ఆయన భార్యా సెలవు దొరికితే చాలు దాని మీదే పోయేవాళ్ళు. ముందు చక్రానికి రెండు వైపులా ఉండే ఫోర్కు కాళ్ళు గుంత వచ్చినప్పుడు దిగి లేవాలి కదా, ఈ బండివి దిగితే లేవడానికి బద్ధకించేవి. ఎడమ కాలి నుంచి ఆయిలు కారేది. ఆయిలును లోపలే ఆపే రబ్బరు సీలును ఈరన్న మార్చాడు. పదిహేను రోజుల్లో మళ్ళీ కారింది. లోపలి పైపు వంగిందేమోనని అనుమానం వచ్చి చాంద్‌బాషాకు ఇచ్చాడు. అతను దాన్ని మిషనుకు ఎక్కించి తిప్పి చూసి, వంకర ఏమీ లేదని చెప్పి, నున్నగా మెరుగు పట్టి ఇచ్చాడు. ఈరన్న మళ్ళీ కొత్త సీలు వేసి బిగించాడు.

ఈసారి ఎనిమిది రోజులే. కారిన ఆయిలు బ్రేకు మీద పడింది. ఎమ్మిగనూరు రోడ్డు మలుపులో బ్రేకు పట్టక బండి కంకర కుప్ప ఎక్కింది. డాక్టరు భార్య కిందపడి మణికట్టు విరిగింది. డాక్టరు పెద్దమనిషి గనుక తిట్టలేదు. కట్టు కట్టిన చెయ్యితో ఉన్న భార్యను ఆటోలో షెడ్డు దాకా తీసుకొచ్చి, "ఈమెకు నువ్వే చెప్పు ఈరన్నా" అన్నాడు. దానికంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

సంగతి విని చాంద్‌బాషా పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఏమైందని అడిగే లోపలే ఈరన్న విరుచుకుపడ్డాడు. వంకర పైపును తిన్నగా ఉందని అబద్ధం చెప్పి ఇచ్చావన్నాడు. పని చేతకాకపోతే మిషను అమ్ముకుని బుడగలు అమ్ముకో పొమ్మన్నాడు. ఆడమనిషి చెయ్యి విరగ్గొట్టావన్నాడు. షెడ్డు ముందర గిరాకులు పదిమంది, టీ కొట్టు వాడితో సహా, నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఈరన్న విప్పిన పైపు తెచ్చి అతని చేతిలోకి తోశాడు. చాంద్‌బాషా దాన్ని ఎండకేసి తిప్పి, ఒకచోట బొటనవేలితో తడిమాడు. ఈరన్న ముఖం చూశాడు, జనాన్ని చూశాడు. పైపును గుడ్డలో చుట్టి మూల పెట్టి, మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

నిజాయితీ ఉన్నవాడైతే ఎదురు మాట్లాడడా? ఈరన్న వాదన అది. ఆ వాదనతో మూడు వారాలుగా బజారులో షెడ్డు షెడ్డుకూ తిరిగాడు. సగం మంది చాంద్‌బాషాకు పని ఇవ్వడం మానేశారు. అదీ చాలలేదు. ఆదివారం మెకానిక్కుల సంఘం మీటింగు ఉంది. చాంద్‌బాషా మిషనుకు ఇక ఎవరూ పని పంపకూడదని అక్కడ తీర్మానం చేయించాలని పట్టుబట్టాడు. ఆ మిషను తప్ప చాంద్‌బాషాకు ఇంకో బతుకుతెరువు లేదు. ఈ సంగతి ఈరన్నకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బళ్ళారి నుంచి తెచ్చిన ఆ మిషనును లారీ నుంచి దించినప్పుడు భుజం పట్టింది అతనే. కోపం అన్నిటినీ గుర్తుంచుకుంటుంది, ఇలాంటివి తప్ప. సంఘంలో పెద్దమనిషి మోనప్ప ఒప్పుకోనిదే ఏ తీర్మానమూ నిలవదు. అందుకే ఈ రాక.

అంతా మళ్ళీ విన్న మోనప్ప చాంద్‌బాషా ఊసే ఎత్తలేదు. బండి ఎక్కడుందని అడిగాడు. తన షెడ్డులోనే ఉందనీ, కొత్త పైపులు మొన్ననే వస్తే రాత్రి బిగించాననీ, రేపు డాక్టరు వచ్చి తీసుకుపోతాడనీ ఈరన్న చెప్పాడు. మేస్త్రి లేచి చెప్పులు తొడుక్కున్నాడు. దారిపొడవునా ఈరన్న తిడుతూనే నడిచాడు. ముసలాయన వింటున్నాడో లేదో కూడా చూడలేదు.

షెడ్డులో మోనప్ప బండి హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని బరువు మోపి నొక్కాడు. ముందు భాగం సగం దాకా దిగి, గొంతులో ముద్ద అడ్డం పడినట్టు ఆగి, మళ్ళీ దిగింది. వదిలితే నింపాదిగా లేచి, రెండు వేళ్ళ ఎత్తు తక్కువలోనే నిలబడిపోయింది.

"ఈ పైపులకు చాంద్‌బాషా చెయ్యి తగిలిందా?" అని అడిగాడు.

తగల్లేదని, బెంగళూరు నుంచి తెప్పించిన కొత్తవని ఈరన్న చెప్పాడు. కొత్త సీళ్ళు కదా, నాలుగు రోజులు తిరిగితే అవే సర్దుకుంటాయని కూడా అన్నాడు. ఈ మాట డాక్టరుతో ఇంతకుముందు రెండుసార్లు చెప్పిందే.

మోనప్ప ఎడమ కాలి అడుగు భాగం చూపించాడు. అక్కడ చక్రం ఇరుసును పట్టుకుని ఉండే రెండు బోల్టుల్ని వదులు చెయ్యమన్నాడు. ఈరన్నకు ఒళ్ళు మండిపోయింది. అతను బిగించినదాన్ని వదులు చెయ్యమని ఈ ఇరవై ఏళ్ళలో ఎవరూ అనలేదు. ఈరన్న బిగిస్తే ఊడదని బజారంతా పేరు. చిన్న బండ్లకు అదే పద్ధతి. చక్రం ఎక్కించాలి, ఇరుసు దూర్చాలి, పానాకు మోకాలు అడ్డంపెట్టి ఉన్న బలమంతా వెయ్యాలి. అలా వేల బండ్లు చేశాడు. ఈ పెద్ద బండికీ రాత్రి అలాగే, ఇంకో పిడికెడు బలం ఎక్కువే వేసి బిగించాడు, చాంద్‌బాషాను తలుచుకుంటూ.

అయినా గురువు మాట. పానా తెచ్చి విసురుగా కూర్చున్నాడు. మొదటి బోల్టు వదులైంది. రెండోది వదులవుతుండగా లోపల టక్కుమని చప్పుడైంది. ఎవరూ తాకకుండానే ఫోర్కు కాలు తనంతట తాను బయటికి జరిగింది, బియ్యపు గింజంత.

ఈరన్న చేతిలో పానా అలాగే ఆగిపోయింది.

ముందు చక్రం బ్రేకు పట్టుకుని హ్యాండిలును పదిసార్లు కిందికి నొక్కమన్నాడు మేస్త్రి. ఈరన్న నొక్కాడు. మొదటి రెండు సార్లు కాలు ఇంకాస్త సర్దుకుంది. తరవాత బండి మెత్తగా దిగి, వదలగానే పూర్తి ఎత్తుకు లేచింది. "ఇప్పుడు బిగించు," అన్నాడు మోనప్ప, "అది నిలబడిన చోట." ఈరన్న బిగించాడు. మోకాలు అవసరం పడలేదు.

బిగించి లేచినవాడు మూలకు వెళ్ళి గుడ్డలో చుట్టి ఉన్న పాత పైపు బయటికి తీశాడు. ఎండకేసి తిప్పాడు. చక్రం వైపు ఉండే పక్క వేలి పొడుగున ఒక గీత ఉంది, మెరుగు పోయి మసకబారి. ఒక్క పక్కనే. పైపు వంగితే ఇలా అరగదు. కాలును లోపలికి లాగి బిగిస్తేనే ఒక్క పక్క ఒరుసుకుంటుంది. ఆ రోజు చాంద్‌బాషా బొటనవేలు ఆగింది సరిగ్గా అక్కడే.

"వానికి తెల్సునా?" అన్నాడు.

"ఆ పొద్దే నా దగ్గరికొచ్చి చెప్పినాడు."

"మరి నా ముఖం మీద ఎందుకు చెప్పలేదు?"

"నీ ముందర గిరాకులు పదిమంది ఉండిరి గదప్పా."

ఈరన్నకు ముందు సిగ్గు వేసింది. సిగ్గు ఒక్క క్షణం కూడా నిలవలేదు, కోపమైపోయింది. ఈసారి గురువు మీదే. పైపును నేలకేసి కొట్టాడు. మూడు వారాలు తాను వీధి వీధి తిరిగి స్నేహితుడి కూట్లో మన్ను పోస్తుంటే, తెలిసి కూడా కూర్చుని చూశారా అని అరిచాడు. ఇదా గురువు చేసే పని అన్నాడు. టీ కొట్టు వాడు తొంగి చూశాడు. మోనప్ప నిదానంగా కిందపడిన పైపు తీసి బల్ల మీద పెట్టాడు.

"అడిగితేనే చెప్పమని వాడు ఒట్టు పెట్టించుకున్నాడు. నువ్వు దినామూ వస్తివి, వాని గురించే చెప్తివి. బండికేమైందని ఒక్క పొద్దైనా అడిగితివా?"

ఈరన్న గోడకు ఆనుకున్నాడు. తన మీద తనకు వచ్చిన కోపం ఎటు పోవాలో తెలియక లోపలే తిరుగుతోంది. చివరికి చేతులు తుడుచుకుని, ఇప్పుడే చాంద్‌బాషా ఇంటికి పోతాననీ, తలుపు వేసి ఇద్దరమే కూర్చుంటామనీ, కాళ్ళు పట్టుకుంటాననీ అన్నాడు. ఆదివారం మీటింగుకు ఇక తాను రానని, తీర్మానం వద్దన్న మాట సంఘం వాళ్ళకు మేస్త్రినే చెప్పమని బతిమాలాడు.

మోనప్ప గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"మీటింగు ఉండనీ. అక్కడికొచ్చి నువ్వే చెప్పు," అన్నాడు. "బజారంతా వస్తాది. నేనూ వస్తా."