దున్నపోతు మీద వేటకు వెళ్లిన రాకుమారుడు

ఎప్పటి మాటో చెప్పమంటే చెప్పలేను గానీ, మణిగిరిని ఏలే రాజు ఒకాయన ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు: జయంతుడు, సుకేతుడు, మణిమంతుడు. రాజుగారి మేనకోడలు కుందవల్లి. ఆ పిల్ల ఉయ్యాలలో ఉన్నప్పుడే మూడోవాడు మణిమంతుడికి పెళ్లామని అందరూ అనుకున్నారు. పెరిగేకొద్దీ వాళ్లిద్దరూ కూడా అలాగే అనుకున్నారు.

ఒక ఉగాది పూట వేపపూత కోసం తోటకు వెళ్లిన కుందవల్లిని ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. తనను పెళ్లాడమన్నాడు. ఛీ పొమ్మంది ఆ పిల్ల. వాడికి ఒళ్లు మండి, పాదాల నుంచి రోజుకింత చొప్పున రాయి అయిపోతూ, చైత్ర పున్నమి నాడు పొద్దు కుంగేసరికి నిలువెల్లా శిల అయిపొమ్మని శపించాడు. పైగా ఆ సంగతి గద్ద చేత రాజుకు కబురు పెట్టించాడు. వాడి ధీమా వాడిది. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉందని లోకానికంతా తెలుసు. ఏ చిలుకో ఎవరికీ తెలియదు. ఏడు లోయల అవతల వాడుండే అడవిలో కొమ్మకు వంద చిలుకలు మరి.

రాజు కొడుకుల్ని పిలిచాడు.

"నాయనలారా, ఇది మామూలు వేట కాదు. వసంతంలో జింకలూ దుప్పులూ చూలుతో ఉంటాయి, వాటి జోలికి పోకండి. మీరు వేటాడాల్సింది ఒక్క చిలుకను. ఎవరికి నచ్చిన వాహనం వాళ్లు తీసుకోండి."

జయంతుడు తెల్లగుర్రం ఎక్కి గాలిలా పోయాడు. సుకేతుడు పట్టపుటేనుగు ఎక్కి గంటలు మోగించుకుంటూ పోయాడు. మణిమంతుడికి కాలు నిలవడం లేదు. ఏది దొరికితే అది ఎక్కి పరిగెత్తాలని ఉంది. కానీ తప్పు వాహనం ఎక్కితే మళ్లీ వెనక్కి వచ్చి మార్చుకునే వ్యవధి లేదు. అందుకని గుండె చిక్కబట్టుకుని శాలలకు వెళ్లాడు. ఆ రోజుల్లో జంతువులకు మాటలు వచ్చేవి. అడిగేవాళ్లే తక్కువ.

"అశ్వరాజా, నన్ను మాంత్రికుడి అడవికి తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తాను బాబూ. కానీ ఒక మాట. నేను నా నీడను చూసే బెదురుతాను. అక్కడ మాయలుంటాయంటున్నారు."

ఏనుగును అడిగాడు.

"తీసుకెళ్తాను బాబూ. కానీ ఒక మాట. ఇది ఇప్పపూలు రాలే కాలం. ఆ వాసన తగిలితే నా మీద ఎవరున్నారో కూడా మరిచిపోతాను."

శాల వెనక, తిత్తులతో నీళ్లు మోసే దున్నపోతు నెమరు వేస్తోంది. దాన్నీ అడిగాడు.

"తీసుకెళ్తాను బాబూ. నాకు భయమూ తెలియదు, తొందరా తెలియదు. ఎండాకాలపు అడవిలో నీళ్లెక్కడున్నాయో మాత్రం తెలుసు. కానీ ఒక మాట. మిట్టమధ్యాహ్నం నేను బురదలో పడుకుంటాను. అప్పుడు నన్ను కొట్టకూడదు."

మణిమంతుడు దున్నపోతునే ఎక్కాడు. ఊరు ఊరంతా నోరు నొక్కుకుని నవ్వింది. నవ్వనీ, నవ్వేవాళ్ల నోరు మనం మూయగలమా?

మూడు లోయలు దాటేసరికి జయంతుడు కుంటుకుంటూ ఎదురొచ్చాడు. ఏదో వరద కనిపించి గుర్రం అతన్ని పడదోసి పారిపోయిందట. ఐదో లోయలో సుకేతుడు ఇప్పచెట్టు కింద కూర్చుని, గుర్రుపెట్టి నిద్రపోతున్న ఏనుగును లేపుతున్నాడు. నాలుగు రోజులుగా లేపుతూనే ఉన్నాడట పాపం.

"తమ్ముడూ, నువ్వైనా వెళ్లరా" అన్నాడు.

ఆరో లోయలో మాంత్రికుడి వరద మణిమంతుడి మీదికీ వచ్చింది. దున్నపోతు మూతి చాచి వాసన చూసింది. "ఇందులో నీళ్లు లేవు" అని నడిచింది. మంటలొచ్చాయి. "ఇందులో పొగ లేదు" అని నడిచింది. పులి వచ్చి గాండ్రించింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే. పులిలోంచే నడిచి అవతలికి పోయింది.

ఏడో లోయ దాటేసరికి పున్నమి రోజు మధ్యాహ్నం. దున్నపోతు ఒక నల్లటి మడుగు చూసి చతికిలబడింది.

"ఈ ఒక్క పూట వద్దు. పొద్దు కుంగితే నా కుందవల్లి ఉండదు" అని మణిమంతుడు పలుపు పట్టి లాగాడు. బతిమాలాడు. చేతిలోని కర్ర ఎత్తాడు కూడా. ఇచ్చిన మాట గుర్తొచ్చి దించేశాడు.

"ఈ ఎండకు నువ్వూ నిలవలేవు బాబూ. రా, పడుకో" అంది దున్నపోతు.

ఏడుస్తూనే దాని పక్కన బురదలో పడుకున్నాడు. నీడలు సాగాక ఇద్దరూ లేచారు, ఇద్దరూ నల్లగా.

మాంత్రికుడు గుహ వాకిట నిలబడి చూశాడు. నల్లటి దున్నపోతు. దాని మీద నల్లటి మనిషి. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో తాడు. తన మాయల్లోంచి నింపాదిగా, ఏమాత్రం తొందర లేకుండా వస్తున్నాడు. ఏ వీరుడికీ జడవని ధూమ్రకేశుడు గబగబా వెనక్కి అడుగులు వేశాడు.

"యముడే! నా ప్రాణం ఎక్కడుందో కనిపెట్టేశాడు" అనుకుని గుహలోకి పరిగెత్తి, బండ కింద దాచిన పంజరం తీసి గుండెకు హత్తుకుని పారిపోబోయాడు.

అదిగో, ఆ చిలుక! మణిమంతుడు పలుపు విసిరి పంజరం లాగేశాడు. మాంత్రికుడు మీదపడబోతే దున్నపోతు కొమ్ములు అడ్డం పెట్టింది.

మణిమంతుడు చిలుక మెడ మీద చెయ్యి వేశాడు. అది వణికిపోతోంది.

"చంపకు బాబూ. వాడి ప్రాణం నాకిమ్మని నేను అడగలేదు. నూరేళ్లుగా రెక్క విప్పలేదు. తలుపు తియ్యి చాలు."

"నువ్వు ఎగిరిపోయాక వాడు చావకపోతే?"

"వాడి ప్రాణం నాలో నిలిచింది ఈ ఊచల వల్లే. ఇంతకంటే నా దగ్గర సాక్ష్యం లేదు."

మెడ విరిస్తే పని ఖాయం. పొద్దు కొండ అంచున ఉంది. మణిమంతుడు ఆ పిడికెడు ప్రాణం వంక చూశాడు. చేతులు రాలేదు. తలుపు తీశాడు.

చిలుక ఎగిరిపోయింది. దాని వెనకే మాంత్రికుడి ప్రాణమూ ఎగిరిపోయింది.

గుహ లోపల కుందవల్లి నిలబడి ఉంది. గొంతు దాకా రాయి. ఆ రాయి అప్పుడప్పుడే పాదాల దగ్గర కరుగుతోంది గానీ ఆ పిల్లకు తెలియలేదు. బరువు కళ్లు ఎత్తి, ఎదురుగా నల్లటి మనిషినీ వెనక దున్నపోతునూ చూసింది. భయపడలేదు.

"యమధర్మరాజా, ఈ పొద్దు కుంగేదాకా ఆగు స్వామీ. మా బావ దారిలో ఉంటాడు. వచ్చేసరికి నేను లేకపోతే తట్టుకోలేడు" అంది.

మణిమంతుడి కళ్ల నీళ్లు జారి బురద మీద చారలు కట్టాయి. ఆ చారల్లోంచి తెలిసిన మొహం కనబడింది.

"బావా?" అంటూ కుందవల్లి చెయ్యెత్తి అతని చెంప తుడిచింది. తన చెయ్యి కదిలిందని ఆమెకు అప్పుడు తెలిసింది.

వాళ్ల పెళ్లికి మణిగిరిలో పదహారు రోజులు పొయ్యిలో పిల్లి లేవలేదు, అందరి భోజనాలూ కోటలోనే. తరువాత మణిమంతుడు నలభై ఏళ్లు చల్లగా రాజ్యం ఏలాడు. ఎంత పెద్ద కొలువులో ఉన్నా, ఎంతటి రాజులు వచ్చినా, పొద్దు కుంగేలోపు లేచి ఇంటికి వెళ్లిపోయేవాడట. కుందవల్లిని మళ్లీ ఒక్కనాడూ ఎదురుచూడనివ్వలేదు.