రాజుగారి చెంప మీది గీత

రాగి నాణెం మీద రాజుగారి చెంపకు అడ్డంగా ఒక గీత కనిపించింది. దాన్ని అంగడికి తెచ్చిన సిద్దెమ్మ ఇళ్లలో అంట్లు తోమి బతికే మనిషి. టంకశాల అధికారి విరూపాక్షుడు ఆమెను కొలువుకు ఈడ్పించాడు.

"ప్రభూ, ఈమె తమ ముఖాన్ని కత్తితో గీసింది. చెయ్యి నరికించండి!"

సిద్దెమ్మ తన చేతుల వంక చూసుకుంది. ముప్పై ఏళ్లుగా చింతపండుతో ఇత్తడిని బంగారంలా మెరిపించిన చేతులవి. మరకేదో, సొట్టేదో, గీటేదో కళ్లు మూసుకున్నా చెప్పగలవు. ఆమె తల వంచలేదు.

"ఏలినవారు ఆ గీత మీద ఒక్కసారి గోరు నడిపి చూడండి. లోపలికి దిగుతోందా, పైకి తగులుతోందా?"

"అంట్లు తోమేదానికి నాణేల శాస్త్రమా!" అని విరూపాక్షుడు నవ్వాడు.

రాజు గోటితో తడిమాడు. "పైకే తగులుతోంది. గీత ఉబ్బెత్తుగా ఉంది."

"కత్తితో గీస్తే రాగి పోతుంది గాని పెరుగుతుందా ప్రభూ? రాగిని పెంచే కత్తే నా దగ్గరుంటే ఊరివాళ్ల అంట్లు నాకెందుకు? బీటవారింది నాణేలు కొట్టే మీ అచ్చు. ఆ బీటలోకి రాగి పొంగింది."

అచ్చు తెప్పించి చూస్తే, దాని మీది రాజు బొమ్మ చెంపకు అడ్డంగా సన్నటి బీట ఉంది. విరూపాక్షుడి నవ్వు మాయమైంది.

ఆనాటి నుంచి ఆ రాజ్యంలో రాజముద్ర పడ్డ నాణెమైనా సరే, సిద్దెమ్మ గోరు దాటాకే అంగడికి వచ్చేది.