చెరిపేసిన అంకె

కొండల కింద పాలవలస అనే ఊళ్లో కూర్మారావు అనే మెకానిక్ ఉండేవాడు; ఎంత మొండి ఇంజన్నయినా పలికించగలడు గానీ, బల్ల వెనుక కూర్చున్న మనిషిని చూస్తే మాత్రం అతనికి నోరు పెగిలేది కాదు. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, కరెంటు బిల్లు ఎక్కువ వచ్చినా అతని భార్య నీలవేణే వెళ్లి మాట్లాడి వచ్చేది. అడిగితే వాళ్లేమీ కొరికెయ్యరని ఆమె ఎన్నిసార్లు చెప్పినా అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఊరికి పైన కొండ మీద సవర గూడేలు ఉన్నాయి. అక్కడికి రోడ్డు లేదు, రాళ్ల బాట ఒక్కటే. వానాకాలంలో మామూలు బండి ఏదీ ఎక్కలేదు. ఎవరికైనా జబ్బు చేస్తే కర్రకు దుప్పటి కట్టి, ఆ డోలీలో పడుకోబెట్టి మోసుకుంటూ దించేవారు. అందుకే సైన్యం వాడి పక్కన పెట్టేసిన పాత జీపును వేలం వేస్తున్నారని తెలియగానే కూర్మారావు వెళ్లి కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి అది. వేసవంతా దాన్ని బాగుచేస్తూనే గడిపాడు. సంతకు దిగిన గూడెం జనం షెడ్డు దగ్గర ఆగి, బండిని తడిమి చూసి వెళ్లేవారు. వానలు పడేలోగా ఇది కొండెక్కుతుందని అతను అందరికీ మాట ఇచ్చాడు.

సైన్యం బండిని ఊళ్లో తిప్పాలంటే రవాణా ఆఫీసులో కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి యజమానే స్వయంగా రావాలన్నారు. నీలవేణి వెళ్లడానికి లేకపోయింది.

కూర్మారావు కాగితాలు పట్టుకుని పట్నం వెళ్లాడు. గుమాస్తా వాటిని తిరగేసి, బండి చట్రం మీది నంబరుకూ సైన్యం ఇచ్చిన కాగితంలోని నంబరుకూ చివరి అంకె కలవడం లేదన్నాడు. సరిచేసిన కాగితం తెచ్చుకోమని చెప్పి, వెనక ఉన్న మనిషిని పిలిచాడు. అది ఎక్కడి నుంచి తేవాలి, ఎవరికి రాయాలి, ఏమని రాయాలి, ఈ ప్రశ్నలన్నీ కూర్మారావు గొంతు దాకా వచ్చాయి.

అతను కదలకపోవడం చూసి గుమాస్తా తలెత్తాడు. "ఇంకేమిటి?"

"ఏమీ లేదండి" అని కూర్మారావు బయటికి వచ్చేశాడు.

గేటు దగ్గర చలపతి అనే దళారి అతని ముఖం చూసి సంగతంతా రాబట్టాడు. సైన్యం దగ్గరికి పోతే వాళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తారనీ, దొంగబండి అనుకుంటే జైల్లో పెడతారనీ చెప్పాడు. అప్పుడు చలపతి గొంతు తగ్గించి, కాగితం మార్చలేం గానీ ఇనుమును మార్చవచ్చన్నాడు. చట్రం మీద ఆ ఒక్క అంకె అరగదీసి, కాగితంలో ఉన్న అంకెను అక్కడ ముద్రిస్తే సరిపోతుందట.

"అది తప్పు కదా?" అన్నాడు కూర్మారావు.

"అయితే మళ్లీ లోపలికి వెళ్లి అడుగు" అన్నాడు చలపతి.

కూర్మారావు ఆఫీసు గుమ్మం వైపు చూశాడు. కాళ్లు అటు కదల్లేదు. చలపతి చెప్పినట్టే కానిమ్మన్నాడు.

మర్నాడు చలపతి పనిముట్లతో షెడ్డుకు వచ్చాడు. కూర్మారావు తలుపులు మూశాడు. ఆకురాయి ఆ అంకెను అరగదీస్తున్నంతసేపూ అతను తలుపు సందులోంచి వీధినే చూస్తూ నిలబడ్డాడు. కొత్త అంకె మీద సుత్తి దెబ్బ పడగానే తన వీపు మీద పడినట్టు ఉలిక్కిపడ్డాడు. ఈ సంగతి నీలవేణికి చెప్పలేదు.

తనిఖీ రోజున రవాణా ఆఫీసు ఆవరణలో వేదవతి అనే అధికారిణి జీపును చూడడానికి వచ్చింది. ఆమె లైట్లు చూసింది, బ్రేకులు చూసింది, బండి బాగా చేశారని మెచ్చుకుంది కూడా. తర్వాత వంగి చట్రం మీది నంబరును వేలితో తడిమింది. ఆ వేలు చివరి అంకె దగ్గర ఆగింది.

"ఈ అంకె కొత్తది. ఎవరు కొట్టారు?" అని అడిగింది.

అతను నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. చలపతి కోసం చుట్టూ చూశాడు. చలపతి ఎప్పుడో జారుకున్నాడు. ఆమె రెండోసారి నెమ్మదిగా అడిగింది, మూడోసారి గట్టిగా అడిగింది. చివరికి జీపును ఆఫీసు ఆవరణలోనే నిలిపేయించి, పోలీసులకు తెలియజేస్తానని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి కూర్మారావుకు వీధిలో మోటారు సైకిలు చప్పుడైతే చేతిలో పానా జారిపోయేది. ఖాకీ చొక్కా తొడుక్కున్న బస్సు కండక్టరును చూసి కూడా ఒకసారి షెడ్డు వెనక్కి వెళ్లి దాక్కున్నాడు. బండి ఏమైందని నీలవేణి అడిగితే, ఇంకా చూస్తున్నారని అబద్ధం చెప్పాడు. ఇంతలో వానలు మొదలయ్యాయి.

ఒక మధ్యాహ్నం జోరు వానలో ఇద్దరు మనుషులు డోలీ మోసుకుంటూ షెడ్డు ముందుకు వచ్చారు. ముందున్నవాడు గూడెం మనిషి బూదయ్య. డోలీలో అతని కూతురు సుక్కి ఉంది. పొద్దున చేలో పిల్ల పాదం మీద పాము కరిచిందట. బురదలో జారుతూ దిగేసరికి ఇంతసేపైందట. ఊరి బాట వాన బురదలో కూరుకుపోవడంతో అంబులెన్సు పెద్దరోడ్డు మీదే ఆగి ఉందని ఎవరో ఫోనులో చెప్పారు. అక్కడికి ఇంకా చాలా దూరం ఉంది.

కూర్మారావు పరుగున వెళ్లి బూదయ్య భుజం మీది కర్రను తన భుజం మీదికి తీసుకున్నాడు. సుక్కి కాలు పాదం నుంచి మోకాలి దాకా నల్లగా ఉబ్బి ఉంది. మొదట్లో కాసేపు మూలిగింది. తర్వాత ఆ మూలుగు కూడా ఆగిపోయింది. తల తిప్పి చూడాలంటే కూర్మారావుకు భయం వేసింది. పక్కన నడుస్తున్న బూదయ్య కూతురి నోటి దగ్గర చెయ్యి పెట్టి, ఊపిరి ఉందని చెబుతూ వచ్చాడు. చాలాసేపటికి అతను ఒకే ఒక్క మాట అడిగాడు.

"కొండకి బండొస్తాదన్నావు గదా బాబూ?"

ఆ గొంతులో కోపం లేదు. కూర్మారావు కర్రను భుజం మీద సర్దుకుని అడుగుల వేగం పెంచాడు.

డాక్టర్లు సుక్కి ప్రాణం కాపాడారు. కానీ విషం ఎక్కువసేపు ఉండిపోవడంతో పాదంలో కొంత కండ తీసెయ్యాల్సి వచ్చింది. ఇకమీదట ఆ కాలు కాస్త ఈడ్చి నడవాల్సిందేనన్నారు. ఆ మాట విన్నాక కూర్మారావు ఇంటికి వచ్చి నీలవేణికి జరిగిందంతా చెప్పాడు. ఆమె ఏడ్చింది. తాను తోడు వస్తానంది. అతను వద్దని, మర్నాడు ఒక్కడే పట్నం బస్సెక్కాడు.

రవాణా ఆఫీసు గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్లి వేదవతి బల్ల ముందు ఆగి, అంకె మార్పించింది తానేనని చెప్పాడు. చలపతి పేరు చెప్పాడు. ఎందుకు చేశాడో కూడా చెప్పాడు. మాట మధ్యలో రెండుసార్లు తెగిపోయింది, అయినా పూర్తి చేశాడు.

వేదవతి అంతా విని, పోలీసుల ఎదుట కూడా ఇదే చెప్పాలంది. బండి అమ్మిన సైన్యం డిపోకు తానే వివరం అడుగుతూ రాసింది. కొంతకాలానికి జవాబు వచ్చాక ఆమె అతన్ని పిలిపించింది.

"చట్రం మీద ముందు ఉన్న అంకే సరైనదట. కాగితం టైపు చేసినవాళ్లు తప్పు కొట్టారు" అంది. "నిజమైనదాన్ని చెరిపేసి, తప్పుకు సరిపెట్టారు మీరు. ఎవరికి రాయాలని ఆ రోజే అడిగి ఉంటే మేమే చెప్పేవాళ్లం."

కూర్మారావు ఆ జవాబు కాగితం తీసుకుని చివరి అంకెను వేలితో తడిమాడు.

పోలీసులు చలపతిని పట్టుకున్నారు. కూర్మారావు కూడా కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. తనంతట తానే వచ్చి నిజం చెప్పాడు కాబట్టి న్యాయమూర్తి జరిమానాతో వదిలేశారు. కోర్టు అనుమతితో చట్రం మీద అసలు నంబరు మళ్లీ వేయించి, జీపును రిజిస్టర్ చేసేసరికి వానాకాలం వెళ్లిపోయింది.

ఆ జీపు మొదటిసారి కొండెక్కిన రోజున అందులో సుక్కి ఉంది. కాలికి చివరి కట్టు విప్పించుకుని ఆస్పత్రి నుంచి ఇంటికి వెళుతోంది. తండ్రి ఒళ్లో కాలు చాపుకుని, కిందికి జారిపోతున్న చెట్లను వింతగా చూస్తోంది. కాసేపటికి ముందుకు వంగి, ఈ బండి ఇంతకాలం ఎక్కడుందని అడిగింది.

"ఆఫీసులో ఆగిపోయిందమ్మా" అన్నాడు కూర్మారావు. "నేను ఒక మాట అడగాల్సి ఉండింది. భయపడి అడగలేదు."

బూదయ్య కూతురి కాలిని మరికాస్త దగ్గరికి తీసుకున్నాడు. కూర్మారావు రాళ్ల బాట మీద జీపును మెల్లగా నడిపించాడు.

నీతి: అడగవలసిన మాట అడగడానికి భయపడేవాడు చేయకూడని పనికి ఒప్పుకుంటాడు, ఆ భయానికి శిక్ష ఒక్కోసారి ఏ పాపమూ తెలియని వాళ్ల మీద పడుతుంది.